బొమ్మ, పాట, ఒక అర్జీ: బెంగళూరులో మా తెలుగు బృందాన్ని తరచుగా అడిగే ప్రశ్నలు

మీరు ఎవరు? ఏం చేస్తుంటారు?

బెంగళూరు తూర్పు వైపు, కేఆర్ పురం నుంచి బెల్లందూరు దాకా అక్కడక్కడా ఉంటున్న తెలుగువాళ్లం. మాలో ఐటీ ఉద్యోగాలు చేసేవాళ్లు ఎక్కువ. బొమ్మలు వేసేవాళ్లు, పాడేవాళ్లు, వీడియోలు తీసేవాళ్లు, డిజైన్ కోర్సులు చదువుతున్న పిల్లలు కూడా ఉన్నారు. రిజిస్ట్రేషన్, ఆఫీసు, అధ్యక్షుడు ఏమీ లేవు. శని, ఆదివారాల్లో కలుస్తాం. మేముండే వీధుల్లో ఎన్నాళ్లుగానో కదలని పని ఒకటి పట్టుకుని, దాని గురించి జనం మాట్లాడుకునేలా, ఆ తర్వాత వెళ్లి అడిగేలా చేయడానికి మాకు వచ్చిన కళను వాడతాం. "ఆ తర్వాత వెళ్లి అడిగేలా" అన్న మాటే మాకు ముఖ్యం. కింద చాలా జవాబులు తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

బొమ్మ వేస్తే రోడ్డు మీద గుంత పూడుతుందా?

పూడిన సందర్భాలు ఈ ఊళ్లోనే ఉన్నాయి. 2015 జూన్‌లో ఆర్టీ నగర్ దగ్గర సుల్తాన్‌పాళ్య మెయిన్ రోడ్డు మీద పన్నెండు అడుగుల గుంత ఒకటి పడి, ఎవరూ పట్టించుకోకుండా ఉండిపోయింది. బాదల్ నంజుండస్వామి అనే చిత్రకారుడు దాన్ని చిన్న కొలనులా రంగులతో తీర్చి, అందులో ఫైబర్ మొసలిని పెట్టారు. మొసలికి దాదాపు ఆరు వేల రూపాయలు ఖర్చయింది. ఫొటోలు దేశమంతా తిరిగాయి, పాలికె (నగర కార్పొరేషన్) వాళ్లు వచ్చి రోడ్డు బాగుచేశారు. 2019 సెప్టెంబరులో ఆయనే హేరోహళ్లి వైపు తుంగానగర్ మెయిన్ రోడ్డు మీద ఒక నటుడికి వ్యోమగామి వేషం వేయించి రాత్రిపూట నడిపించారు. చూసేవాళ్లకు చంద్రుడి మీద నడుస్తున్నట్టే ఉంటుంది. ఇంతలో పక్కనుంచి ఒక ఆటో వెళ్తుంది, అప్పుడు తెలుస్తుంది అది మన రోడ్డేనని. ఆ రోడ్డుకూ మరమ్మతు జరిగింది.

ఈ రెండింటినీ మేం కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. మొసలి వింతగా ఉండటం వల్లే పని జరిగిందని మొదట్లో అనుకున్నాం. అది సగమే నిజం. ఆయన "బెంగళూరు రోడ్లు బాగోలేవు" అని చెప్పలేదు. ఫలానా ఏరియా, ఫలానా రోడ్డు, ఫలానా గుంత అని చూపించారు. ఆ రోడ్డు ఏ ఇంజనీరు చేతిలో ఉందో ఆఫీసులో అందరికీ తెలుసు. తప్పించుకునే దారి లేదు. బొమ్మ పక్కనే అడ్రసు ఉంది.

మేం మొదట వేసిన పోస్టర్లలో ఆ అడ్రసు లేదు. చెరువు, ఎండిన చెట్టు, ఏడుస్తున్న భూమి, కింద ఒక పెద్ద మాట. బొమ్మలు బాగున్నాయని అందరూ అన్నారు. చూసినవాళ్లు ఏం చేయాలో మాత్రం అందులో ఎక్కడా లేదు. ఇప్పుడు ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకుంటాం: ఇది ఎక్కడ, ఎవరి చేతిలో ఉంది, చూసినవాళ్లు రేపు పొద్దున ఏం చేయాలి. ఈ మూడూ తేలేదాకా రంగు డబ్బా మూత తీయం.

మేం ఆంధ్ర నుంచో తెలంగాణ నుంచో వచ్చినవాళ్లం. ఇది మన ఊరు కాదు కదా, మనకెందుకు?

ఈ ప్రశ్న ఎక్కువగా మన సొంతవాళ్లే అడుగుతారు. 2024 మార్చిలో నీళ్ల కరువు వచ్చినప్పుడు ట్యాంకరు కోసం ఫోన్ చేసి చేసి విసిగిపోయిన వాళ్లలో మనం లేమా? 2017, 2018లో బెల్లందూరు చెరువు అంటుకున్నప్పుడు ఆ పొగ పీల్చిన అపార్ట్‌మెంట్లలో తెలుగు ఇళ్లు ఎన్ని? పదేళ్లుగా ఇక్కడే ఉండి, పిల్లల్ని ఇక్కడే బడికి పంపుతూ "మన ఊరు కాదు" అనుకోవడం మన పిల్లలకే అన్యాయం. వాళ్లకు ఉన్న ఊరు ఇదొక్కటే.

పైగా తెలుగువాళ్లు ఈ నగరానికి కొత్తగా వచ్చినవాళ్లేం కాదు. ఐటీ రాకముందే చిక్కపేట, నగరతపేట వీధుల్లో తెలుగు వినిపించేది. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఎన్నో ఏళ్లుగా ఉంది. ఇంకో సంగతి, ఇది చాలామంది గమనించరు: పొద్దున్నే మన వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఎంతోమంది. తరాల కిందట వాళ్ల పెద్దలు తెలుగు జిల్లాల నుంచి ఈ పనికోసమే వచ్చారు. అపార్ట్‌మెంటు పై అంతస్తులో మాట్లాడేదీ, కింద చీపురు పట్టుకుని మాట్లాడేదీ ఒకే భాష. ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే జరగడం లేదు.

గోడకు బొమ్మ వేస్తే చెత్త వేయడం ఆపుతారా?

కొన్నాళ్లు ఆపుతారు. మా అనుభవం చెబుతాం.

మా దగ్గర ఒక మలుపులో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రోజూ చెత్త పడేది. ఇలాంటి చోట్లను ఇక్కడ బ్లాక్ స్పాట్ అంటారు. ఒక శనివారం ఏడుగురం కలిసి దాన్ని శుభ్రం చేశాం. గోడ మీద పాత పోస్టర్ల జిగురు గీకడానికే రెండు గంటలు పట్టింది. వైరు బ్రష్‌తో రుద్ది, కడిగి, ఆరాక ప్రైమర్ ఒక కోటు వేశాం. మర్నాడు పొద్దున్నే ఒక అమ్మాయి సుద్దముక్కతో గీతలు గీసిచ్చింది, మిగిలినవాళ్లం రంగులు నింపాం. వేపచెట్టు, కింద కుక్క, పక్కన ఒక అవ్వ. నేల మీద ముగ్గు. ముగ్గు ఆలోచన మాది కాదు. చెత్త ఎత్తేశాక ఆ చోట ముగ్గు వేసి వెళ్లడం పౌరకార్మికులు ఈ ఊళ్లో ఎప్పటినుంచో చేస్తున్న పని. ముగ్గు మీద చెత్త పారేయడానికి మన చేతులు వెంటనే రావు.

పదకొండో రోజుకి మళ్లీ సంచులు కనిపించాయి. అవ్వ బొమ్మ కాళ్ల దగ్గరే. మాకు బాధేసింది, కోపం కూడా వచ్చింది. ఆ వీధి ఊడ్చే అక్క మమ్మల్ని చూసి చీపురు గోడకు ఆనించి అంది: "బొమ్మ బాగుండాది. చెత్తబండి ఎన్నింటికి వస్తాదో ఎక్కడా రాయకపోతిరి గదా?"

ఆవిడతో అరగంట మాట్లాడితే తెలిసింది. సంచులు వేసేది ఎదురు పీజీ హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున నిద్రపోతారు, లేదా తొందరగా క్యాబ్ ఎక్కుతారు. చెత్త ఆటో వచ్చేసరికి గదిలో ఎవరూ ఉండరు. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, చెత్త ఇచ్చే దారి వాళ్లకు లేదు. అప్పుడు గోడ మీద అవ్వ చేతిలో ఒక పలక గీసి, ఆటో వచ్చే వేళ, పొడి చెత్త తీసుకునే రోజులు రాశాం. రెండు పీజీల యజమానులతో మాట్లాడి మెట్ల కింద తడి చెత్తకు, పొడి చెత్తకు వేర్వేరు డబ్బాలు పెట్టించాం. ఆ తర్వాత ఆ మలుపు చాలావరకు బాగుంది. పండగ వారాల్లో ఇంకా పాడవుతుంది, మళ్లీ వెళ్తాం.

ఈ పద్ధతికి బెంగళూరులో పెద్ద ఉదాహరణ 'ది అగ్లీ ఇండియన్' అనే బృందం. 2010లో చర్చ్ స్ట్రీట్‌లో మొదలైంది. పేర్లు బయటపెట్టరు, ఉపన్యాసాలు ఇవ్వరు. "కామ్ చాలూ, మూ బంద్" అన్నది వాళ్ల నియమం, అంటే పని సాగాలి, నోరు మూయాలి అని. వాళ్ల దగ్గర మేం నేర్చుకున్నది, బాగుచేసిన చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి చూడాలని. నోరు మూసే విషయంలో మాత్రం మా దారి కొంచెం వేరు. అడగాల్సినవాళ్లను అడగడం కూడా పనిలో భాగమేనని మేం నమ్ముతాం.

గోడ మీద బొమ్మ వేస్తే కేసు పెడతారా?

అనుమతి లేకుండా వేస్తే పెట్టవచ్చు. కర్ణాటకలో బహిరంగ ప్రదేశాలను పాడుచేయకుండా 1981 నుంచి ఒక చట్టం ఉంది. ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మంచి ఉద్దేశంతో వేశామన్న మాట అక్కడ పనికిరాదు. అందుకే గోడ ఎవరిదైతే వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటాం, కార్పొరేషన్ వార్డు ఆఫీసులో కూడా అర్జీ ఇచ్చి సంతకం, ముద్ర వేయించుకుంటాం. పని చేసే రోజు ఆ కాగితం జిరాక్స్ ఒకరి జేబులో ఉంటుంది.

ఫ్లెక్సులు మేం వాడం. 2018 ఆగస్టులో హైకోర్టు గట్టిగా నిలదీశాక నగరమంతా ఫ్లెక్సులు తీసేయాల్సి వచ్చింది. చెత్త గురించి చెప్పడానికి ప్లాస్టిక్ కట్టడం మాకూ మనసొప్పదు. గుడ్డ బ్యానర్ మీద చేత్తో రాస్తాం.

కన్నడ రాదు. తెలుగులో పోస్టరు వేయవచ్చా?

కన్నడ ముందు, తెలుగు తర్వాత. ఇది మా నియమం. ఎవరికో భయపడి పెట్టుకున్నది కాదు. ఇది కన్నడవాళ్ల ఊరు, వార్డు ఆఫీసులో ఫైలు నడిచేది కన్నడలో. ఆఫీసరు చదవలేని పోస్టరు ఎంత బాగున్నా సగం పనే చేస్తుంది.

నేర్చుకోవడం మనకు కష్టం కాదు. లిపులు అక్కచెల్లెళ్లలా ఉంటాయి, వారం పది రోజులు కూర్చుంటే బోర్డులు చదవడం వచ్చేస్తుంది. మాటలు కూడా దగ్గరే. చెత్తను వాళ్లు 'కస' అంటారు, మన రాయలసీమలో 'కసువు ఊడ్చడం' అనేది అదే. గుంతను 'గుండి' అంటారు, చెరువును 'కెరె' అంటారు.

అయితే దగ్గరగా ఉండే మాటలతోనే ప్రమాదం. కన్నడలో 'మత' అంటే ఓటు. 'మతదార' అంటే ఓటరు, 'మతదాన' అంటే పోలింగ్. ఒకసారి మా కుర్రాడు కన్నడ పోస్టరును తెలుగులోకి మారుస్తూ హడావుడిగా "మీ మతం మీ హక్కు" అని రాసేశాడు. ప్రింటుకు వెళ్లే ముందు ఒక కన్నడ మిత్రురాలు, మాలో ఒక అక్క కలిసి చూసి ఆపారు. అది గనక గోడ మీదికి వెళ్లి ఉంటే ఏ అర్థం ఎటు పోయేదో తలుచుకుంటేనే టెన్షన్. అప్పటినుంచి కన్నడ ఇంటి భాషగా ఉన్నవాళ్లు ఒకరు, తెలుగు ఇంటి భాషగా ఉన్నవాళ్లు ఒకరు చదివి సరే అనకుండా ఏదీ బయటికి పంపం.

బుర్రకథ ఎందుకు? ఇప్పుడు ఎవరు వింటారు?

మేం కూడా వినరనే అనుకున్నాం. ఒక ఉగాదికి అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో వేసి చూశాక అభిప్రాయం మార్చుకున్నాం.

బుర్రకథ అసలు ఈ పనికోసమే పుట్టిందా అనిపిస్తుంది. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని కథ నడుపుతాడు. రెండు పక్కలా గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. వాళ్లలో ఒకరు హాస్యం, ఇంకొకరు రాజకీయం. రాజకీయ వంత పని ఏమిటంటే, కథ ఏ కాలానిదైనా సరే, మధ్యలో ఆపి ఇవాళ్టి సంగతి అడగడం. పల్నాటి యుద్ధం చెబుతూ కూడా ఊరి నీళ్ల గొడవలోకి రావచ్చు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఈ కళను ప్రజానాట్యమండలి రోజుల్లో ఊరూరా తిప్పారు, 1986లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసేదీ ఇదే. రాజుగారి కథ మధ్యలోకి వచ్చి ఊరి పెద్దలను నిలదీసి వెళ్తారు. బెంగళూరుకు మూడు నాలుగు గంటల దూరంలో, ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మనకు కొత్తగా ఎవరో నేర్పాల్సిన విద్య కాదిది.

మా కథ పేరు పెద్దదేం కాదు, 'కావేరమ్మ మా వీధికి రావడం'. ఎక్కడో వంద కిలోమీటర్ల అవతల నుంచి నీళ్లను ఎత్తి పోస్తే నగరానికి వస్తాయి. 2007లో నగరంలో కలిపిన 110 పల్లెలకు ఆ నీళ్లు ఇవ్వడానికి ఐదో దశ పథకం 2024 అక్టోబరులో మొదలైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు దాని లెక్క. మా ఏరియా ఆ పల్లెల్లోనిదే. కథలో కావేరమ్మ కొండలు దిగి, పైపులో దూరి, మా వీధి మొగదాకా వచ్చి ఆగిపోతుంది. కథకుడు రాగం తీస్తాడు:

"వంద కోసులు నడచి వచ్చెను తల్లి, తందాన తాన
గుమ్మమెక్కక నిలిచిపోయెను తల్లి, తందాన తాన"

అప్పుడు రాజకీయ వంత గుమ్మెట ఆపేసి అడుగుతాడు: "ఆగు బాబూ! తల్లి గుమ్మం దాకా వచ్చి ఎందుకు ఆగింది? కనెక్షన్‌కి అర్జీ పెట్టిందెవరు? ఆ కాగితం ఎక్కడుంది?" ముందు వరసలో కూర్చున్న అసోసియేషన్ పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక నుంచి ఒక తాతగారు లేచి, "నేనూ అదే అడుగుతున్నా ఆర్నెల్ల నుంచి" అన్నారు. కథ అక్కడ పావుగంట ఆగింది. అది మేం రాసుకున్న స్క్రిప్టులో లేదు. ఆ పావుగంటలో జలమండలి ఆఫీసుకు వెళ్లడానికి నలుగురు పేర్లు ఇచ్చారు. మాకు దొరికిన చప్పట్లన్నిటికన్నా ఆ నాలుగు పేర్లు ఎక్కువ.

రీల్స్ చేస్తే చాలదా?

రీల్స్ చేస్తాం, కావాలి కూడా. కానీ చూసినవాళ్లలో ఎక్కువమంది ఆ వార్డులో ఉండరు. వెయ్యిమంది బయటివాళ్లు చూసినదానికన్నా ఆ వీధిలో ఉండే ముప్ఫైమంది చూడటం మాకు ముఖ్యం. అందుకని ఏ వీడియో అయినా ముందు ఆ వీధి వాట్సాప్ గ్రూపులో వేస్తాం, ఆ తర్వాతే ఇన్‌స్టాగ్రామ్‌లో. చివర్లో ఫిర్యాదు నంబరు తప్పకుండా ఉంటుంది: చెత్త, రోడ్లు, వీధి దీపాలకు 1533, కరెంటుకు 1912, నీళ్లకు 1916.

సినిమా పాటల ట్యూను మీద మాటలు మార్చి పాడటం మానేశాం. ఆ ట్యూనుకు హక్కుదారులు ఉంటారు, వీడియో ఎప్పుడు తీసేస్తారో తెలియదు. కోలాటం బాణీలు, జాజర పాటల బాణీలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, వాటి మీద మేమే మాటలు కట్టుకుంటున్నాం.

మా వార్డు కార్పొరేటర్ ఎవరు? ఎవరిని అడగాలి?

ఇక్కడ కొంచెం చరిత్ర తెలియాలి. బృహత్ బెంగళూరు మహానగర పాలికెకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 ఆగస్టులో, అప్పుడు 198 వార్డులు. ఆ సభ్యుల పదవీకాలం 2020 సెప్టెంబరులో అయిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నిక జరగక, నగరం అధికారుల చేతుల్లోనే నడిచింది. 2025 సెప్టెంబరులో పాలికె స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద సెంట్రల్, ఈస్ట్, వెస్ట్, నార్త్, సౌత్ అని ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. వార్డు హద్దులూ మారాయి. కాబట్టి పాత వార్డు నంబరు చెప్పి అర్జీ ఇస్తే తిప్పి పంపేస్తారు.

మాలో మ్యాపులు గీయడం వచ్చిన ఒక అబ్బాయి మా ఏరియాకు చేత్తో గీసిన పటం తయారుచేశాడు. ఏ వీధి ఏ వార్డులోకి వచ్చింది, వార్డు ఆఫీసు ఎక్కడ, అక్కడ రోడ్లు చూసేది ఎవరు, చెత్త చూసేది ఎవరు అన్నీ అందులో ఉన్నాయి. వాళ్ల పేర్లు రాయం, హోదాలే రాస్తాం, ఎందుకంటే మనుషులు బదిలీ అవుతుంటారు. కిరాణా కొట్లలో, టిఫిన్ సెంటర్లలో అంటించాం. మేం చేసిన వాటన్నిటిలో జనం ఎక్కువగా ఫొటో తీసుకున్నది ఆ పటాన్నే.

ఓటు ఇక్కడ పెట్టుకోవాలా, ఊళ్లో ఉంచుకోవాలా?

నిర్ణయం మీది. చట్టం ఏం చెబుతోందో చెబుతాం. మామూలుగా ఎక్కడ నివసిస్తున్నారో అక్కడే ఓటు ఉండాలి. రెండు చోట్ల ఉండకూడదు. ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడ నివసిస్తున్నట్టు కాదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది.

2024లో జరిగింది గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 26న బెంగళూరులో పోలింగ్ జరిగింది. నగరంలోని మూడు ప్రధాన లోక్‌సభ స్థానాల్లో 53, 54 శాతం దగ్గరే ఆగిపోయింది. మే 13న ఆంధ్ర, తెలంగాణల్లో పోలింగ్. అంతకు ముందు రెండు రాత్రులూ ఇక్కడి నుంచి వెళ్లే బస్సుల్లో నిలబడటానికి చోటు లేదు. ఆంధ్రలో 80 శాతం దాటింది. అంటే ఓటు మీద మనవాళ్లకు మక్కువ లేక కాదు. రాత్రంతా బస్సులో కూర్చుని వెళ్లి వేసి వచ్చే మనుషులు మనం. రోజూ నడిచే రోడ్డు గురించి కూడా ఆ మక్కువ ఉండాలని మా కోరిక.

మార్చుకోవాలనుకుంటే ఫారం 6 కాదు, ఫారం 8 నింపాలి. 2022 ఆగస్టు నుంచి ఇల్లు మారినవాళ్లందరికీ అదే. ఫారం 6 కొత్త ఓటర్లకు మాత్రమే. చాలామంది ఇక్కడే పొరపాటు చేసి రెండు చోట్ల పేర్లు తెచ్చుకుంటున్నారు. పద్దెనిమిది నిండే పిల్లలు జనవరి దాకా ఆగక్కర్లేదు. ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు నిండితే ముందుగానే అర్జీ పెట్టుకోవచ్చు. సందేహం ఉంటే ఓటర్ల హెల్ప్‌లైన్ నంబరు 1950కి ఫోన్ చేయండి.

ఊళ్లోనే ఓటు ఉంచుకున్నా మాతో పనిచేయవచ్చు. గుంత గురించి ఫిర్యాదు చేయడానికి ఓటరు కార్డు అడగరు.

మీది ఏ పార్టీ?

ఏదీ కాదు. మాలో రకరకాల అభిమానాలు ఉన్నవాళ్లున్నారు. పార్టీల దగ్గర రంగు డబ్బా కూడా తీసుకోం. ఎన్నికల వేళ ఏ అభ్యర్థి బొమ్మా వేయం. ఎవరైనా సొంతంగా ఎన్నికల పోస్టరు చేసుకుంటే, దాని మీద ముద్రించినవాళ్ల పేరు, ప్రచురించినవాళ్ల పేరు, చిరునామా ఉండాలని చట్టం. అది మరవద్దు.

ర్యాలీలు చేస్తారా?

అరుదుగా. 2021 నాటి పోలీసు ఉత్తర్వు ప్రకారం బెంగళూరులో నిరసనలు ఫ్రీడమ్ పార్కులోనే జరగాలి. అది ఒకప్పటి సెంట్రల్ జైలు. మాకు అక్కడికి వెళ్లడంకన్నా సొంత వీధిలో నలుగురిని కూర్చోబెట్టి కథ చెప్పడం తేలిక.

కానీ పెద్ద గుంపుకూ దాని వేళ ఉంటుంది. 2016లో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా 6.7 కిలోమీటర్ల స్టీల్ ఫ్లైఓవర్ కడతామన్నారు, అంచనా 1,791 కోట్లు. వందల చెట్లు పోయేవి. అక్టోబరు 16 ఆదివారం వేలమంది ఆ దారి పొడవునా చేతులు పట్టుకుని నిలబడ్డారు. 'స్టీల్ ఫ్లైఓవర్ బేడ' అన్న మూడు మాటలు అట్టముక్కల మీద, టీషర్టుల మీద ఊరంతా కనిపించాయి. 'బేడ' అంటే వద్దు. 2017 మార్చిలో ప్రభుత్వం ఆ పథకాన్ని వదులుకుంది. ఆ మూడు మాటల్లో ఏది వద్దో స్పష్టంగా ఉంది, పలకడం సులువు, కన్నడ రానివాళ్లకూ నోటికి పట్టేసింది. నినాదం రాసేటప్పుడు మా పిల్లలకు దీన్నే చూపిస్తాం.

అడిగాం, జవాబు లేదు. అప్పుడు?

సమాచార హక్కు దరఖాస్తు. పది రూపాయల ఫీజు, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకే విషయం, అదీ 150 పదాల్లోపు ఉండాలి. తెలుగులో రాస్తే కుదరదు. కన్నడలోనో ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయాలి. "రోడ్డు ఎందుకు వేయలేదు" అని అడిగితే ఏమీ రాదు. "ఈ రోడ్డుకు ఇచ్చిన వర్క్ ఆర్డర్ కాపీ, బిల్లు కాపీ ఇవ్వండి" అని కాగితాలు అడగాలి.

వచ్చిన కాగితాలను బొమ్మలుగా మార్చడం మాకు చాలా ఇష్టమైన పని. ఒక ఫుట్‌పాత్ బిల్లులో ఎన్ని రాళ్లు పరిచినట్టు రాశారో, వెళ్లి లెక్కపెడితే ఎన్ని ఉన్నాయో, రెండు వరసలుగా గీసి పక్కపక్కన పెట్టాం. కింద వ్యాఖ్య ఏమీ రాయలేదు. అది చూసి ఆ ఆఫీసు నుంచే మాకు ఫోన్ వచ్చింది, మిగిలిన రాళ్లు తర్వాతి నెలలో పడ్డాయి.

నాకు బొమ్మలూ పాటలూ రావు. రావచ్చా?

రండి. కన్నడలో అర్జీ రాయగలిగేవాళ్లు, ఆఫీసు కిటికీ దగ్గర ఓపిగ్గా నిలబడేవాళ్లు, ఎక్సెల్‌లో లెక్కలు చూసేవాళ్లు, పిల్లలకు అన్నం పొట్లాలు కట్టేవాళ్లు, అందరూ కావాలి. మా దగ్గర ఎక్కువ కొరత అర్జీ వెనకాల తిరిగేవాళ్లకే.

ఇంట్లో వాళ్లు భయపడుతున్నారు. "ఉద్యోగం చేసుకోక ఇవన్నీ ఎందుకు" అంటున్నారు.

మా ఇళ్లలోనూ అదే మాట. వాదించకండి. ఒక ఆదివారం అమ్మనో నాన్ననో కూడా తీసుకురండి. మా ముగ్గులన్నీ ఇప్పుడు అమ్మలే వేస్తున్నారు. చుక్కలు ఎన్ని పెట్టాలో మాకు తెలియదు, వాళ్లకు తెలుసు. ఆఫీసు నియమాలు మాత్రం ముందే చదువుకోండి, కంపెనీ పేరున్న టీషర్టు వేసుకుని పనికి రావద్దు.

డబ్బు ఎక్కడిది?

మా జేబుల్లోదే. రంగులు, బ్రష్‌లు, గుడ్డకు అయిన ఖర్చు బిల్లులతో సహా అదేరోజు గ్రూపులో పెడతాం. ఎవరైనా ఇస్తామంటే డబ్బు బదులు వస్తువు అడుగుతాం.

ఫొటోలు, వీడియోలు ఎవరివైనా తీయవచ్చా?

అడిగి తీయాలి. పనిచేస్తున్న పౌరకార్మికుల ముఖాలు వాళ్లు సరే అంటేనే తీస్తాం, తీసినదాన్ని వాళ్లకు చూపించి వేస్తాం. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు ఒక్క వీడియోతో పని పోయే ప్రమాదం ఉంటుంది. చెత్త వేసేవాళ్ల ముఖాలను సిగ్గుపడాలని నెట్‌లో పెట్టడం మేం చేయం. పీజీ కుర్రాళ్ల ముఖాలు పెట్టి ఉంటే వాళ్లు ఇవాళ మాతో కలిసి గోడ కడుగుతూ ఉండేవాళ్లు కాదు.

వచ్చే శనివారం రావచ్చా? ఏం తెచ్చుకోవాలి?

పొద్దున ఆరున్నరకల్లా రండి, ఎండ ఎక్కకముందే గోకుడు పని అయిపోవాలి. పాత బట్టలు, టోపీ, మంచినీళ్ల సీసా. గ్లౌజులు, మాస్కులు మా దగ్గర ఉన్నాయి. ఈసారి గోడ కొత్తది కాదు, అవ్వ బొమ్మ ఉన్న మలుపే. చెత్త ఆటో వేళ మారిందట, పలక మీద టైము మార్చాలి.